ఏడు తరాలూ, మన షజరాలూ

సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’ చదవని అస్తిత్వవాద రచయిత మనలో అరుదు. దళిత కవిత్వం, ముస్లింవాద కవిత్వం ఊపందుకున్న తొంభైలలో ఆ పుస్తకం చేతులు మారుతూ తిరిగింది. అమెరికాకి బానిసగా అమ్ముడుపోయిన ఆఫ్రికా ముస్లిం యువకుడు కుంటా కింటే, కొరడా దెబ్బల మధ్య కూడా తన పేరు వదులుకోనన్నాడు. ‘సాయిబూ’ అనో ‘తురకోడా’ అనో తప్ప పేరుపెట్టి పిలిపించుకోని మనిషికి ఆ ఘట్టం ఎక్కడ తగులుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ పుస్తకం మీద గౌరవం అలాగే ఉంచుకుని, ఇవాళ దాన్ని ఇంకో వైపు నించి చూడాలి. ‘ఏడు తరాలు’ నవలగా గొప్పది. వంశచరిత్రగా అది నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో తెలుసుకోవడం ముఖ్యంగా మనకే అవసరం. ఎందుకంటే మనలోనూ ఇప్పుడు చాలామంది దాదా, పర్‌దాదాల చరిత్ర రాసే పనిలో ఉన్నారు. పెళ్లి పుస్తకాల్లో, ఉర్సు సంచికల్లో, స్వీయచరిత్రల మొదటి అధ్యాయాల్లో ఇంటి చరిత్ర వస్తోంది. రావలసిందే. రాజుల చరిత్రలో మనం లేము, ఉన్నా దండెత్తి వచ్చినవాళ్లుగానే ఉన్నాం. మన చరిత్ర మనమే రాసుకోవాలి. కానీ ఎలా రాస్తున్నాం? ఎవరు చెప్తే రాస్తున్నాం? రేపు ఎవరైనా ‘దీనికి దాఖలా ఏదీ?’ అని అడిగితే ఏం చూపిస్తాం?

హేలీ ఏం చేశాడు?

‘రూట్స్’ 1976లో వచ్చింది. 1977 జనవరిలో టెలివిజన్ సీరియల్ అయింది. అదే ఏడాది పులిట్జర్ ప్రత్యేక పురస్కారం దక్కింది. హేలీ దాన్ని ఉత్త నవల అనలేదు. తాను ఏళ్ల తరబడి పరిశోధించాననీ, సంభాషణలు కల్పించినా వంశవృక్షం మాత్రం నిజమనీ చెప్పుకున్నాడు. టెనెసీ రాష్ట్రం హెన్నింగ్ అనే ఊళ్లో నానీ, ఆమె అక్కచెల్లెళ్లూ వరండాలో కూచుని చెప్పుకునే కబుర్లు చిన్నప్పుడు విన్నాడు. ఆ కబుర్లలో ‘కిన్‌టే’ అనే పేరుంది, గిటార్‌ని ‘కో’ అనేవాడన్న మాట ఉంది, ‘కాంబీ బొలోంగో’ అనే నది ఉంది. ఈ ముక్కలు పట్టుకుని గాంబియా దేశంలో జుఫూరే అనే ఊరికి వెళ్లాడు. అక్కడ వంశావళులు పాడే ఒక ముసలాయన కింటేల కథ చెప్తూ, ‘రాజు సైనికులు వచ్చిన కాలంలో’ కుంటా అనే కుర్రవాడు కట్టెలు కొట్టడానికి వెళ్లి తిరిగి రాలేదన్నాడు. హేలీ ఆ కాలాన్ని 1767గా లెక్కగట్టాడు. ఆ సెప్టెంబరులో అనాపొలిస్ రేవుకి వచ్చిన ‘లార్డ్ లిగొనియర్’ ఓడని పట్టుకున్నాడు. 1768లో జాన్ వాలర్ తన తమ్ముడు విలియం వాలర్‌కి రాసిచ్చిన దస్తావేజులో ‘టోబీ’ అనే బానిస పేరు దొరికింది. గొలుసు పూర్తయింది.

పూర్తయిందా? 1977 ఏప్రిల్‌లోనే లండన్ పాత్రికేయుడు మార్క్ ఒట్టవే గాంబియా వెళ్లి వచ్చి సందేహాలు రాశాడు. ఆ కథ చెప్పిన ముసలాయన వంశపారంపర్యంగా గాథలు చెప్పేవాడు కాదు. హేలీకి ఏం కావాలో ఊరివాళ్లకి ముందే తెలుసు. పైగా ఆ రోజుల్లో జుఫూరే బయటి లోకం తెలియని మారుమూల పల్లె కాదు, ఇంగ్లీషువాళ్ల వర్తక స్థావరం పక్కనే ఉన్న ఊరు. తర్వాత 1981లో గ్యారీ మిల్స్, ఎలిజబెత్ షౌన్ మిల్స్ అనే ఇద్దరు వంశచరిత్రకారులు వర్జీనియా దస్తావేజులు తిరగేశారు. వాలర్ల దగ్గర టోబీ అనే బానిస 1762 నాటికే ఉన్నాడు. అంటే ఓడ రావడానికి ఐదేళ్ల ముందే. 1782 నాటి పన్ను జాబితాకి ముందే ఆ టోబీ రికార్డుల్లోంచి మాయమయ్యాడు. అతని కూతురని హేలీ చెప్పిన కిజీ పుట్టింది మాత్రం 1790లో. ఇక 1978లో హెరాల్డ్ కోర్లాండర్ అనే రచయిత, తన నవల ‘ది ఆఫ్రికన్’ నించి భాగాలు తీసుకున్నాడని వేసిన దావాలో హేలీ ఆరున్నర లక్షల డాలర్లు చెల్లించి రాజీపడ్డాడు.

ఇదంతా హేలీని చిన్నబుచ్చడానికి కాదు. కోట్లాది నల్లవాళ్లు తమ పూర్వీకుల కోసం వెతకడం మొదలుపెట్టింది ఆయన వల్లే. కానీ ఆయన చేసిన పొరపాట్లు మూడూ మన దగ్గర రోజూ జరుగుతున్నవే. ఒకటి, సాక్షికి జవాబు ముందే అందించడం. రెండు, పేరు కలిస్తే మనిషి కూడా ఆ మనిషేననుకోవడం. మూడు, కావలసింది దొరకగానే వెతకడం ఆపేయడం. 1768 దస్తావేజు దగ్గర ఆగకుండా ఇంకో ఆరేళ్లు వెనక్కి వెళ్లి ఉంటే గొలుసు తెగిపోయేది. బహుశా అందుకే వెళ్లబుద్ధి కాదు. మనం ఇష్టపడే కథని తెంచే కాగితాన్ని వెతకడానికి ఎవరికీ కాళ్లు రావు.

అదే గాంబియా తీరం నించి, అదే మేరీలాండ్‌కి 1730ల మొదట్లో అమ్ముడుపోయిన ఇంకో ముస్లిం ఉన్నాడు. పేరు అయ్యూబా సులేమాన్ దియాల్లో. అతను తండ్రికి అరబీలో రాసిన ఉత్తరం లండన్ చేరింది. ఆ ఉత్తరమే అతన్ని విడిపించింది. 1734లో ఇంటికి తిరిగి వెళ్లాడు. అదే ఏడాది అతని జీవితకథ ఇంగ్లీషులో అచ్చయింది. కరోలినాలో బానిసగా ఉన్న ఒమర్ ఇబ్న్ సయ్యిద్ 1831లో తన జీవితాన్ని తన చేత్తో అరబీలో రాసుకున్నాడు. ఆ కాగితాలు ఇవాళ అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో ఉన్నాయి. కుంటా కింటే తెలిసినంతగా వీళ్లు మనకి తెలియదు. కానీ వీళ్ల మాట ఎవరూ కొట్టెయ్యలేరు. చిన్నదైనా దాఖలా ఉన్న కథకి ఉండే బలం అది.

షజరాకి ఇస్నాద్ ఏదీ?

ఇక మన ఇంటికి వద్దాం. మనలో కాస్త స్థితి వచ్చిన కుటుంబం మొట్టమొదట చేసే పని షజరా రాయించుకోవడం. తెల్ల కాగితం మీద ఆకుపచ్చ సిరాతో చెట్టు. వేరు దగ్గర అరేబియా. కొమ్మ చివర మనం. మధ్యలో బుఖారా, బగ్దాద్, బీజాపూర్. ఆ చెట్టులో కడప లేదు, ఖమ్మం లేదు. దూది ఏకే విల్లు లేదు, మగ్గం లేదు, తోలు నానబెట్టే తొట్టి లేదు. పంట ధర బాగుంటే ఈ ఏడు షేకులం, వచ్చే ఏడు ఇంకా బాగుంటే సయ్యదులం అవుతాం అని మనల్ని మనమే వెక్కిరించుకున్న పాత ఫార్సీ సామెత ఉత్తరాదిలో ఉంది. అందులో నవ్వు కంటే నొప్పే ఎక్కువ. పుట్టుకతో మనిషికి విలువ కట్టే దేశంలో, ఆ కొలబద్ద నించి తప్పించుకోవడానికి మతం మారిన మనిషి, మళ్లీ అదే కొలబద్ద మీద పైమెట్టు వెతుక్కున్నాడు.

విచిత్రమేమిటంటే, ఆధారాన్ని పరీక్షించే శాస్త్రంలో మన పెద్దలు ఎవరికీ తీసిపోరు. ఒక హదీసు వస్తే ‘ఎవరు చెప్పారు?’ అన్నది మొదటి ప్రశ్న. ఆయనకి ఎవరు చెప్పారు? ఆయనకి? ఆ గొలుసు పేరే ఇస్నాద్. గొలుసులో ప్రతి మనిషి బతుకూ విడిగా పరీక్షించారు. జ్ఞాపకశక్తి ఎలాంటిది, అబద్ధమాడిన దాఖలా ఉందా, ఇద్దరూ ఒకే కాలంలో ఉన్నారా? 870లో మరణించిన ఇమామ్ బుఖారీ ఒకే కాలంలో ఉంటే చాలదు, కలుసుకున్నట్టు రుజువు కావాలన్నాడు. ఆయన శిష్యుడు ఇమామ్ ముస్లిం ఒకే కాలంలో ఉండి కలుసుకునే వీలుంటే చాలన్నాడు. ఇంత సూక్ష్మంగా వాదించుకున్నవాళ్ల వారసులం మనం. మధ్యలో ఒక లింకు తెగితే ఆ రివాయత్‌ని ‘మున్‌కతి’ అని పక్కన పెట్టిన సంప్రదాయం మనది. మరి షజరా దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న ఎందుకు వెయ్యం?

1377లో ‘ముఖద్దిమా’ రాసిన ఇబ్న్ ఖల్దూన్ వంశావళులు సరిచూసుకోవడానికి ఒక చిన్న లెక్క చెప్పాడు. నూరేళ్లకి మూడు తరాలు. కాలాన్ని ఈ లెక్కతో భాగిస్తే వచ్చిన సంఖ్య, కాగితం మీద ఉన్న పేర్లతో సరిపోవాలి. ఇప్పుడు మనింట్లో షజరా తీసి చూద్దాం. ఇమామ్ హుస్సేన్ 626లో పుట్టారు. షజరాలో చివరి పేరు 1900లో పుట్టిన తాతది అనుకుందాం. మధ్య 1274 ఏళ్లు. అంటే ముప్పై ఎనిమిది తరాలు ఉండాలి. కాగితం మీద పందొమ్మిదే ఉంటే? ప్రతి ఒక్కరూ అరవై ఏడో ఏట కొడుకుని కన్నట్టు లెక్క. ఇది జరిగే పని కాదు. సగం పేర్లు పోయాయన్నా కావాలి, ఎవరో అతికించారన్నా కావాలి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. లెక్క తప్పితే షజరా తప్పని తెలుస్తుంది గానీ, లెక్క కుదిరినంత మాత్రాన నిజమని రుజువు కాదు. అతికించేవాడికి కూడా లెక్కలు వస్తాయి.

అమెరికాలో 1964లో వంశచరిత్రకారుల కోసం ఒక ధ్రువీకరణ మండలి ఏర్పడింది. వాళ్లు అనుసరించే ప్రమాణంలో ఐదు అంశాలున్నాయి. అందుబాటులో ఉన్నదంతా వెతకాలి. ప్రతి మాటకీ ఆధారం ఎక్కడిదో చెప్పాలి. ఆధారాలని ఒకదానితో ఒకటి పోల్చి తూచాలి. ఒకదానికొకటి విరుద్ధమైన ఆధారాలుంటే దాచకుండా తేల్చాలి. తేలిన సంగతిని కారణాలతో సహా రాయాలి. ఇది పాశ్చాత్యుల సరుకని కొందరు పక్కన పెట్టొచ్చు. కానీ ఇందులో ఏ ఒక్కటీ ఇస్నాద్ తెలిసినవాడికి కొత్త కాదు. మనం మరిచిపోయిన పనిని వాళ్లు గుర్తు చేస్తున్నారంతే.

కాగితం లేనివాళ్ల సంగతి

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. రావాలి కూడా. ‘దాఖలాలు అడిగితే మనకేం మిగులుతుంది? కాగితం ఉన్నవాడిదే చరిత్ర అంటే జమీందార్లదీ, జాగీర్దార్లదీ తప్ప దూదేకులవాడిదీ, ఫకీరుదీ ఎక్కడుంటుంది?’ ఈ ప్రశ్న న్యాయమైనది. అమెరికాలో 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకి విడి పట్టికలున్నాయి. వాటిలో యజమాని పేరుంటుంది. బానిసకి వయసు, ఆడో మగో, ఒంటి రంగు మాత్రం ఉంటాయి. పేరుండదు. దక్షిణాదిలో విముక్తులైన నల్లవాళ్ల పేర్లు లెక్కలకెక్కింది 1870లో. అంతకు ముందు గోడే.

మనకీ అలాంటి గోడలున్నాయి. 1948 పోలీస్ చర్య సంగతే తీసుకోండి. ఆ ఏడాది చివర్లో హైదరాబాద్ సంస్థానంలో తిరిగిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నించి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయంది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనానికి అందలేదు. 2013లో గానీ బయటికి రాలేదు. వచ్చాక మనకి దొరికింది అంకె. అంకెకి ఊరుండదు, బిడ్డలుండరు. ఆ మనుషుల పేర్లు ఉంటే గింటే మన ఇళ్లల్లోనే ఉండాలి, నానీల, దాదీల నోళ్లల్లో ఉండాలి. ఆ నోళ్లు చాలా వరకు మూతబడ్డాయి. మిగిలినవాళ్లు అప్పుడు పసిపిల్లలు.

కాబట్టి నోటిమాటని తోసేయడం నా ఉద్దేశం కాదు. హేలీ దెబ్బతిన్నది నోటిమాట నమ్మినందుకు కాదు, దాన్ని సరిగా తీసుకోనందుకు. ప్రమాణం అంటే ‘కాగితం గొప్పది, మాట తక్కువది’ అని కాదు. ఏ మాట ఎక్కడి నించి వచ్చిందో చెప్పడం. ‘మా తాత రజాకార్ల కాలంలో ఊరొదిలాడు’ అని రాస్తే అది గాలిమాట. ‘ఈ సంగతి మా పూఫీ చెప్పింది, అప్పటికి ఆమెకి ఆరేళ్లు, ఆమె స్వయంగా చూడలేదు, వాళ్లమ్మ దగ్గర విన్నది, ఫలానా సంవత్సరం ఫలానా ఊళ్లో నాకు చెప్పింది’ అని రాస్తే అది సాక్ష్యం. కథ అదే. రెండోదానిలో చదివేవాడు తన బరువు తాను తూచుకోవచ్చు. ఇంకో ఇంట్లో ఇంకొకరు చెప్పినదానితో కలిపి చూసుకోవచ్చు.

అడిగే పద్ధతి కూడా ముఖ్యం. ‘దాదీ, మనవాళ్లు అరబ్బు దేశం నించి వచ్చారట కదా?’ అని అడిగితే ఏ దాదీ కాదంటుంది? మనవడు ముచ్చటపడి అడుగుతున్నాడు, ఔనంటుంది. రేపటి నించి అది ఆమె చెప్పినదిగా చెలామణీ అవుతుంది. జుఫూరేలో జరిగింది ఇదే. ‘మీ నాన్న ఏం పని చేసేవాడు? మీ అమ్మ ఇంట్లో ఏ మాట మాట్లాడేది? పీర్ల పండక్కి మనింటికి ఎవరొచ్చేవాళ్లు?’ అని అడగాలి. ఇంటి మాట ఉర్దూనా, తెలుగా అన్నది కూడా చరిత్రే. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాసుకోవాలి. దాన్ని బాగుచేసి పుస్తకభాషలోకి మార్చిన క్షణాన సాక్ష్యం పోయి, మన వ్యాసం మిగుల్తుంది.

రెండు లిపులు, మూడు పంచాంగాలు

ఉర్దూ, తెలుగూ రెండూ చదవడం వృత్తిరీత్యా వచ్చిన అలవాటు కాబట్టి ఒక మాట. మన వంశచరిత్రలో సగం చిక్కు లిపిలో ఉంది. ఉర్దూలో ముహమ్మద్‌ అనే పేరుకి ఒకటే రాత. అదే మనిషి తెలుగులోకి వస్తే మహమ్మద్, మహ్మద్, మొహమ్మద్, ముహమ్మద్. ఇంగ్లీషులోకి వెళ్తే ఇంకా పెరిగి, చివరికి ‘ఎండీ’ అనే రెండక్షరాల దగ్గర తేలతాడు. షేక్ ‘ఎస్‌కే’ అవుతాడు. తిరగేసి చూసినా కష్టమే. ఉర్దూ రాతలో హ్రస్వాలు రాయరు, మన ‘ళ’, ‘ణ’లకి విడి అక్షరాల్లేవు. తెలుగు ఊరి పేరు పాత ఉర్దూ కాగితంలో ఉంటే దాన్ని మూడు నాలుగు రకాలుగా చదవొచ్చు. ఆ తాలూకాలో ఊళ్ల పేర్లు తెలియనివాడు తప్పు ఊరికి చేరతాడు. అందుకని మొదటి సూత్రం: కాగితంలో ఎలా ఉందో అక్షరం మార్చకుండా అలాగే ఎత్తి రాయాలి, ఏ లిపిలో ఉందో చెప్పాలి. మనం దాన్ని ఎలా చదివామో పక్కన విడిగా రాయాలి. రెండింటినీ కలిపేస్తే తర్వాతివాడికి మన తప్పు సరిచేసే దారి ఉండదు.

పేరు చూసి మతం తేల్చడం కూడా అంతే ప్రమాదం. తెలుగు నేల మీద మస్తాన్, సైదులు, ఖాసిం, దస్తగిరి అనే పేర్లు హిందువుల ఇళ్లల్లోనూ ఉన్నాయి. దర్గాకి మొక్కుకుని పుట్టిన బిడ్డకి ఆ పేరు పెడతారు. ఓ పాత పట్టాలో సైదులు కనబడగానే అతను మనవాడని రాసుకోవడమూ, టోబీ కనబడగానే కుంటా కింటే అని రాసుకోవడమూ ఒకటే పని.

తేదీలు ఇంకో చిక్కు. హైదరాబాద్ సంస్థానంలో 1880ల నడిమి దాకా సర్కారీ భాష ఫార్సీ. ఆ తర్వాత ఉర్దూ. కాగితాల మీద హిజ్రీ ఉంటుంది, ఫస్లీ ఉంటుంది, ఒక్కోసారి రెండూ ఉంటాయి. హిజ్రీ చాంద్రమానం, ఏడాదికి సుమారు 354 రోజులు. ఫస్లీ పంటల లెక్క, సౌరమానం. 1300 హిజ్రీ అంటే 1882 నవంబరులో మొదలైన ఏడాది. హైదరాబాద్ 1300 ఫస్లీ అంటే 1890 అక్టోబరులో మొదలైన ఏడాది. ఏది ఏదో చూడకుండా రాస్తే మనిషి పుట్టుక ఎనిమిదేళ్లు జరిగిపోతుంది. కొడుకు తమ్ముడవుతాడు. ఫస్లీలో కూడా నల్లగొండకీ గుంటూరుకీ తేడా ఉంది. నిజాం ఏలుబడిలో ఏడాది ఆజర్ నెలతో అక్టోబరులో మొదలయ్యేది, మద్రాసు ఏలుబడిలో జులైలో. కాబట్టి కాగితంలో ఉన్న తేదీని ఉన్నట్టే రాసి, మనం కట్టిన ఇంగ్లీషు తేదీని పక్కన రాయాలి. తేదీ లేకపోతే లేదనే రాయాలి. ‘సుమారు’ అన్న మాట సిగ్గుపడాల్సిన మాట కాదు.

ఇంకొకటి. ప్రతి కాగితానికీ ఒక అవసరం ఉంటుంది. ఇనాం భూమి నిలబెట్టుకోవడానికి ఇచ్చిన దరఖాస్తులో వంశం ఎప్పుడూ పురాతనమే. బడి రిజిస్టర్లో పుట్టినరోజు చాలాసార్లు పంతులు వేసిన లెక్క. దర్గా ముతవల్లీ పదవి కోసం తగాదా పడ్డ ఇద్దరన్నదమ్ములూ చెరో షజరా దాఖలు చేస్తారు. కాగితం ఏం చెప్తోందో చదివే ముందు, ఎవరు ఎందుకు రాయించారో చదవాలి.

చెట్టులో ఆడవాళ్లేరీ?

మన షజరాల్లో అన్నిటికన్నా పెద్ద లోపం వాటి అబద్ధాలు కాదు, వాటి మౌనం. కొడుకు, కొడుకు కొడుకు, అతని కొడుకు. పదిహేను తరాల్లో ఒక్క ఆడపేరు లేదు. మరి వీళ్లంతా ఎవరి కడుపున పుట్టారు? ఆఖరికి ఏడేళ్ల కిందట పోయిన నానీ పేరు కూడా చాలా ఇళ్లల్లో ‘ఫలానావాడి అమ్మ’గానే మిగిలింది. వంశం అరేబియా నించి వచ్చిందని చూపించాలంటే ఆడవాళ్లని తీసెయ్యక తప్పదు. ఎందుకంటే వాళ్లు ఈ నేల మీదవాళ్లు. తండ్రుల వరసలో ఒకవేళ ఎక్కడో బుఖారా ఉన్నా, తల్లుల వరసలో ఉన్నది మన ఊళ్లే. ఆ సంగతి బయటపడుతుందనే ఆ పేర్లు రాయలేదు.

ఆడవాళ్ల పేర్లు దొరకవని చెప్పడం బద్ధకం. నికానామా ఉంది. అందులో పెళ్లికూతురి పేరుంటుంది, తండ్రి పేరుంటుంది, మెహర్ ఎంతో ఉంటుంది, వకీలు పేరూ, ఇద్దరు సాక్షుల పేర్లూ ఉంటాయి. ఒక పెళ్లి కాగితం ఐదారుగురు మనుషులని ఒక తేదీ దగ్గర, ఒక ఊళ్లో నిలబెడుతుంది. ఇంత గట్టి ఆధారం మన ఇళ్లల్లో ఇంకోటి లేదు. పెళ్లి ఆల్బంకి ప్లాస్టిక్ కవర్ వేస్తాం, నికానామా మాత్రం రేషన్ కార్డుల మధ్య నలుగుతుంది.

ఆడవాళ్ల కాగితం లేకపోతే ఏమవుతుందో అస్సాం చూపించింది. అక్కడ పౌరుల జాబితా కోసం 3 కోట్ల 30 లక్షల మంది దరఖాస్తు పెట్టుకున్నారు. 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందునాటి కాగితంలో పూర్వీకుడిని చూపించాలి, అతనితో చుట్టరికం నిరూపించాలి, కుటుంబవృక్షం ఇవ్వాలి. 2019 ఆగస్టు 31న తుది జాబితా వచ్చేసరికి 19 లక్షల మందికి పైగా బయట ఉన్నారు. పెళ్లయి ఇంకో ఊరికి వెళ్లిన ఆడవాళ్లకి తండ్రితో చుట్టరికం చూపే కాగితం లేక, పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన సర్టిఫికెట్ మీద ఆధారపడ్డారు. ఆ సర్టిఫికెట్ చెల్లదని హైకోర్టు 2017లో అంటే, అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు, విచారణ చేసి ఒప్పుకోవచ్చంది. ఒక అక్షరం తేడాకి అన్నదమ్ములు విడిపోయే పరిస్థితి. సర్కారు అడగబోతోంది కాబట్టి చరిత్ర రాసుకోండని నేననను. మన తాత ఎవరో మనం రుజువు చేసుకోవాలని అడగడమే అన్యాయం. కానీ ఆ అన్యాయాన్ని ఎదిరించేవాడికి కూడా అబద్ధపు షజరా పనికిరాదు, నిజమైన నికానామా పనికొస్తుంది.

దగ్గరి సంగతి కూడా ఉంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-ఈ పేరుతో 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. అత్తర్ సాయిబులు, ముస్లిం చాకళ్లు, ఫకీర్లు, ఖురేషీలు, షేకులు, సిద్దీలు మొదలైనవాళ్లు అందులో ఉన్నారు. సయ్యద్, మొగల్, పఠాన్, ఇరానీ, అరబ్బులని మినహాయించారు. దూదేకులవాళ్లు అంతకుముందే బీసీ-బీలో ఉన్నారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు చట్టాన్ని కొట్టేస్తే, మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. కోర్టుల్లో మొదటి నించీ నడిచిన వాదన ఒకటే: ముస్లింలలో వెనకబాటుకి, వృత్తికి ఆధారాలేవీ అని. ఆధారాలు మన తాతల పనిముట్లలో ఉన్నాయి. మనం మాత్రం పెళ్లి పుస్తకంలో బుఖారా అచ్చేయించుకుంటున్నాం. ఒక చేత్తో చెరిపి, ఇంకో చేత్తో చూపిస్తామంటే ఎట్లా? సర్టిఫికెట్ కోసం చరిత్ర మార్చడం ఎంత తప్పో, గొప్ప కోసం మార్చడం అంతే తప్పు. రెండో తప్పుని మనం తప్పనుకోవడం లేదు, అదీ బాధ.

రచయితలకి ఒక మాట

1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, 1998లో ‘జల్‌జలా’, ఆ మరుసటి ఏడు ‘దర్గామిట్ట కతలు’, 2004లో ‘వతన్’, 2005లో ‘నఖాబ్’ వచ్చాయి. మన ఇంట్లో మనుషులు తెలుగు సాహిత్యంలోకి తమ పేర్లతో, తమ మాటతో నడిచివచ్చారు. కవితని దాఖలా అడగను, కథని అడగను. అడిగితే నా చదువు దండగ. కానీ అదే రచయిత ముందుమాటలోనో, వ్యాసంలోనో ‘మా పూర్వీకులు ఫలానా’ అని రాసినప్పుడు మాత్రం అడుగుతాను. హేలీ చేసిన చిక్కు అక్కడే ఉంది. కల్పనకి నవల స్వేచ్ఛ తీసుకున్నాడు, నమ్మకానికి చరిత్ర గౌరవం తీసుకున్నాడు. రెండూ ఒకే పుస్తకంలో తీసుకుంటే చివరికి రెండూ సందేహంలో పడతాయి. బానిసత్వం అంత ఘోరంగా లేదని వాదించేవాళ్లకి ఆ పుస్తకంలో తప్పులు ఆయుధమయ్యాయి. మన మీద రాళ్లెయ్యడానికి ఎదురుచూసేవాళ్లు తక్కువేం కాదు. రాయి మనమే అందించకూడదు.

బతికున్నవాళ్ల సంగతి కూడా ఆలోచించాలి. తలాక్ అయిన ఖాలా, ఇల్లొదిలిపోయిన మామూ, పెంచుకున్న బిడ్డ, వీళ్ల సంగతులు నిజమైనా అచ్చెయ్యడానికి వాళ్ల అనుమతి కావాలి. రాసి ఇంట్లో ఉంచడం వేరు, అచ్చెయ్యడం వేరు. నిజం రాయడమంటే ఒకరి పరువు తియ్యడం కాదు.

చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. ముందు ఇంట్లో ఉన్న కాగితాలన్నీ బయటికి తియ్యండి. ప్రతిదానికీ ఫోటో తియ్యండి, వెనక వైపు కూడా. అది ఎవరింట్లో ఉందో రాయండి. పెద్దవాళ్లని కూచోబెట్టి అడగండి, గొంతు రికార్డు చేయండి, తేదీ, ఊరు, అక్కడ ఇంకెవరున్నారో మొదట్లోనే చెప్పండి. చూసింది వేరు, విన్నది వేరు, మీరు ఊహించింది వేరు. మూడూ మూడు చోట్ల రాయండి. రెండు కథలు పొసగకపోతే రెండూ ఉంచండి. అమ్మ, నానీ, ఆమె అమ్మ, ఎంతవరకు తెలిస్తే అంతవరకు ఆడవాళ్ల పేర్లు ముందు రాయండి. ఇంట్లో ఉన్న పాత షజరాని చింపెయ్యకండి. ‘ఇది ఫలానా సంవత్సరంలో ఫలానావాళ్లు రాయించుకున్నది, దీనికి వేరే ఆధారం దొరకలేదు’ అని కింద రాసి దాచండి. అదీ ఒక చరిత్రే. మనవాళ్లు ఎలా కనబడాలనుకున్నారో అది చెప్తుంది.

అప్పుడు మనకి ఏడు తరాలు దొరక్కపోవచ్చు. మూడో, నాలుగో దొరుకుతాయి. నాలుగో తరం దగ్గర ఒక దూదేకుల మనిషి ఉంటాడు, పేరు సగమే తెలుస్తుంది, భార్య పేరు తెలియదు. అక్కడ ఆగిపోయి, ‘ఇంతవరకే తెలుసు’ అని రాయండి. ఆ వాక్యం రాయగలిగితే, దానికి పైన మనం రాసిన ప్రతి పేరునీ చదివేవాడు నమ్ముతాడు.